కాలేజీ ఫుట్‌బాల్ హెడ్ కోచ్ అవ్వాలంటే ఏ దారి మేలు: చిన్న కాలేజీ పగ్గాలా, పెద్ద కాలేజీలో కోఆర్డినేటర్ ఉద్యోగమా?

సూటిగా మొదలుపెడతాను. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ హెడ్ కోచ్ అవ్వాలన్నది నిజంగా మీ కోరిక అయితే, కాలేజీ ఎంత చిన్నదైనా సరే, హెడ్ కోచ్ అవకాశం వచ్చినప్పుడు వదులుకోకండి. పెద్ద యూనివర్సిటీలో కోఆర్డినేటర్‌గా (హెడ్ కోచ్ కింద అఫెన్స్‌నో, అంటే పాయింట్లు సాధించే సగం జట్టునో, ప్రత్యర్థిని ఆపే డిఫెన్స్‌నో నడిపే కోచ్‌గా) మంచి జీతం, టీవీలో కనబడే పేరు ఉన్నా సరే వదులుకోకండి. ఈ మాట అందరికీ వర్తించదు, ఎవరికి వర్తించదో కింద చెబుతాను. కానీ నన్ను అడిగితే మొదట చెప్పేది ఇదే.

మనవాళ్ళకి ఈ గొడవ ఎందుకు అనుకోకండి. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అలెన్ వైపు ఎన్ని తెలుగు కుటుంబాలు ఉన్నాయో తెలిసిందే. అక్కడ శుక్రవారం రాత్రి హైస్కూల్ ఆట అంటే ఊరంతా కదులుతుంది. అలెన్ హైస్కూల్ స్టేడియం ఒక్కదానికే 60 మిలియన్ డాలర్లు పెట్టారు, 18,000 మంది కూర్చోవచ్చు. ఆ హడావిడి మధ్య పెరిగిన పిల్లో పిల్లాడో ఒకరోజు "నేను కోచింగ్‌లోకి వెళ్తా" అంటే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే ఈ వృత్తికి మెడిసిన్‌లా ఎంట్రన్సు, రెసిడెన్సీ అంటూ రాసిపెట్టిన మెట్లేమీ లేవు. ఏ ఉద్యోగం తర్వాత ఏది తీసుకోవాలన్నది ఎవరికి వాళ్ళే తేల్చుకోవాలి, ఆ తేల్చుకోవడంలోనే కెరీర్లు నిలబడతాయి లేదా కూలిపోతాయి.

అడుగు పెట్టేది ఎక్కడ

ఎక్కువమంది వచ్చే దారి గ్రాడ్యుయేట్ అసిస్టెంట్, అందరూ జీఏ అంటారు. మాస్టర్స్ ఫీజు యూనివర్సిటీ చూసుకుంటుంది, చేతికి చిన్న స్టైపెండ్ ఇస్తుంది, బదులుగా పగలూ రాత్రీ పని చేయించుకుంటుంది. తర్వాత అలబామా యూనివర్సిటీని ఛాంపియన్‌గా నిలిపిన నిక్ సాబన్ మొదలైంది కూడా 1973లో కెంట్ స్టేట్‌లో జీఏగానే. జీఏ పని ఎలా ఉంటుందో ఒక్కటి చెబుతాను. వచ్చే శనివారం ఆడబోయే ప్రత్యర్థి జట్టు వీడియోలు చూసి, వాళ్ళు ఆడే ఒక్కో ప్లేని ఒక్కో కార్డు మీద స్కెచ్ పెన్నుతో గీయాలి. ప్రాక్టీసులో స్కౌట్ టీమ్ (ప్రత్యర్థిలా ఆడి చూపించే మన ఆటగాళ్ళు) గుంపుగా నిలబడితే వాళ్ళ మధ్య ఆ కార్డు పైకెత్తి పట్టుకోవాలి, పదకొండు మందికీ ఎవరు ఎటు పరిగెత్తాలో ఒక్క చూపులో అర్థం కావాలి. ఒక్క గీత తప్పు పడితే మీ డిఫెన్స్ వారమంతా లేని ప్లేకి తయారైనట్టు, శనివారం ఆ తప్పు వేలమంది ముందు బయటపడుతుంది. ఈ పని ఇష్టంగా చేయగలిగితేనే ముందుకెళ్ళండి.

ఆట ఆడని పిల్లలకి తలుపు మూసుకుపోయినట్టేనా? కాదు. మైక్ లీచ్ కాలేజీలో ఫుట్‌బాల్ ఆడనే లేదు, పెపర్‌డైన్‌లో లా డిగ్రీ తీసుకుని, లాయరుగిరీ పక్కనపెట్టి చిన్న కాలేజీల్లో తిరిగాడు, కొన్నాళ్ళు ఫిన్లాండ్‌లో కూడా కోచింగ్ చేశాడు, చివరికి టెక్సస్ టెక్, వాషింగ్టన్ స్టేట్, మిసిసిపీ స్టేట్ మూడింటికీ హెడ్ కోచ్ అయ్యాడు. డేవిడ్ కట్‌క్లిఫ్ కూడా అంతే, అలబామాలో విద్యార్థిగా కోచ్‌లకి సహాయం చేశాడు, హైస్కూల్లో పనిచేశాడు, తర్వాత ఓల్ మిస్‌కీ డ్యూక్‌కీ హెడ్ కోచ్. కాబట్టి మీ పిల్ల అయినా పిల్లాడైనా ఇప్పుడు ఏదో యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చదువుతూ కోచింగ్ మీద మనసు పడితే, మొదటి సంవత్సరంలోనే ఫుట్‌బాల్ ఆఫీసుకి వెళ్ళి స్టూడెంట్ అసిస్టెంట్‌గానో, వీడియో విభాగంలోనో, డేటా పనికో చేరమనండి. లింకన్ రైలీ టెక్సస్ టెక్‌లో ఆడడం మానేసి లీచ్ దగ్గర స్టూడెంట్ అసిస్టెంట్‌గా చేరాడు, 33 ఏళ్ళకి ఓక్లహోమా హెడ్ కోచ్.

హైస్కూల్ దారిని చాలామంది చిన్నచూపు చూస్తారు, నేను చూడను. టెక్సస్‌లో జెఫ్ ట్రేలర్ గిల్మర్ అనే చిన్న ఊరి హైస్కూల్లో ఏళ్ళ తరబడి హెడ్ కోచ్‌గా చేసి రాష్ట్ర టైటిళ్ళు గెలిచాడు, ఆ తర్వాత కాలేజీల్లో అసిస్టెంట్‌గా మెట్టు మెట్టు ఎక్కి 2020లో యూటీ సాన్ ఆంటోనియో హెడ్ కోచ్ అయ్యాడు. హైస్కూల్ నుంచి మధ్యలో మెట్లేమీ లేకుండా నేరుగా కాలేజీ హెడ్ కోచ్ కుర్చీలోకి దూకడం మాత్రం వేరే సంగతి. ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా (అఫెన్స్‌ని మైదానంలో నడిపే ఆటగాడిగా) సూపర్ బౌల్ గెలిచిన ట్రెంట్ డిల్ఫర్ అలాగే హైస్కూల్ నుంచి 2023లో యూఏబీకి (అలబామా యూనివర్సిటీ, బర్మింగ్‌హామ్) వచ్చాడు, 2025 సీజన్ మధ్యలోనే పంపించేశారు.

అసలు ప్రశ్న: కోఆర్డినేటర్‌గా ఆగాలా, చిన్న చోట హెడ్ కోచ్‌గా వెళ్ళాలా

ముందు ఈ రెండు ఉద్యోగాలకీ ఉన్న తేడా చూడండి. డిఫెన్సివ్ కోఆర్డినేటర్ ఆలోచించేది సగం జట్టు గురించి. హెడ్ కోచ్ దగ్గరికి ఆటకి సంబంధం లేనివి కూడా వస్తాయి: రాత్రి రెండింటికి పోలీసుల నుంచి ఫోన్, చదువులో వెనకబడ్డ కుర్రాడు, "మా వాడిని ఎందుకు ఆడించట్లేదు" అని అడిగే తల్లి, దాతలతో భోజనాలు, ట్రాన్స్‌ఫర్ పోర్టల్లోకి (వేరే కాలేజీకి మారాలనుకునే ఆటగాళ్ళు పేరు ఇచ్చే జాబితాలోకి) వెళ్ళిపోతానంటున్న క్వార్టర్‌బ్యాక్. ఇక శనివారం నాలుగో డౌన్‌లో, అంటే ఆఖరి ప్రయత్నంలో, రెండు గజాలు మిగిలి ఉన్నప్పుడు ముందుకు వెళ్ళాలా, పంట్ చేయాలా (బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి వదిలేయాలా) అన్నది ఇరవై సెకన్లలో ఆయనే చెప్పాలి. ఎంత గొప్ప గురువు పక్కన కూర్చున్నా ఇవి చూసి నేర్చుకునేవి కావు. ఈత గట్టు మీద రాదన్నట్టే ఇదీ.

నా వాదనకి అన్నిటికంటే బలమైన సాక్ష్యం కర్ట్ సిగ్నెటి. 2007 నుంచి అలబామాలో సాబన్ దగ్గర రిసీవర్స్ కోచ్, రిక్రూటింగ్ కోఆర్డినేటర్ కూడా. 2009లో ఆ జట్టు నేషనల్ ఛాంపియన్. అక్కడే ఉండి ఉంటే ఏదో ఒక పెద్ద చోట కోఆర్డినేటర్ పిలుపు వచ్చేదేమో, ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన మాత్రం 2010 సీజన్ అయ్యాక, యాభైకి దగ్గరపడ్డ వయసులో, జీతం బాగా తగ్గించుకుని పెన్సిల్వేనియాలో డివిజన్ 2 (అలబామా ఆడే డివిజన్ 1 కంటే కింది స్థాయి) కాలేజీ ఐయూపీకి హెడ్ కోచ్‌గా వెళ్ళాడు. వాళ్ళ నాన్న ఒకప్పుడు కోచింగ్ చేసిన చోటు అది. డివిజన్ 2 అంటే 36 స్కాలర్‌షిప్పులనే జట్టంతటికీ ముక్కలు చేసి పంచాలి. అప్పట్లో అలబామా లాంటి చోట 85 మందికి పూర్తి స్కాలర్‌షిప్ ఉండేది. ఐయూపీలో ఆరు సీజన్లు, ఈలన్‌లో రెండు, జేమ్స్ మాడిసన్‌లో ఐదు. ఒక్క ఏడాది కూడా ఓటములు ఎక్కువైన సీజన్ లేదు. 2023 చివర్లో ఇండియానా యూనివర్సిటీ తీసుకుంది, ఆ ఏడాది ఇండియానా 3 గెలిచి 9 ఓడింది. మరుసటి ఏడాది 11-2, ప్లేఆఫ్. 2025 సీజన్లో ఒక్క ఆట కూడా ఓడకుండా 16-0తో నేషనల్ ఛాంపియన్.

ఇండియానాకి వచ్చిన కొత్తలో సిగ్నెటికి తడబాటు లేకపోవడానికి కారణం తెలివి ఒక్కటే కాదు, అప్పటికి పదమూడేళ్ళుగా అదే పని వేరే వేరే ఊళ్ళలో చేసి ఉన్నాడు. ఎవరిని స్టాఫ్‌లోకి తీసుకోవాలి, ప్రాక్టీసు ఎంతసేపు పెట్టాలి, ఎలాంటి ఆటగాడు తన పద్ధతికి సరిపోతాడు, అన్నీ అప్పటికే తేలిపోయాయి. జేమ్స్ మాడిసన్ నుంచి తనతో పాటు పదిమందికి పైగా ఆటగాళ్ళని తెచ్చుకున్నాడు, అంటే పని మొదలుపెట్టేసరికే జట్టులో తన మాట తెలిసినవాళ్ళు ఉన్నారు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక చిన్న చోట హెడ్ కోచ్‌గా ఉండడానికి పెరిగిన విలువ ఇది, కోఆర్డినేటర్‌కి ఇంత సులువుగా దొరకదు.

కేలెన్ డిబోర్ కథ ఇంకో రకం. సౌత్ డకోటాలో సూ ఫాల్స్ అనే, అప్పట్లో ఎన్ఏఐఏలో (చిన్న కాలేజీల క్రీడా సంఘం) ఆడిన కాలేజీలో ఐదేళ్ళలో 67 గెలిచి 3 ఓడాడు, మూడు టైటిళ్ళు. ఆ తర్వాత హెడ్ కోచ్ కుర్చీ దిగి పదేళ్ళ పాటు వేరేవాళ్ళ దగ్గర అఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా నాలుగు చోట్ల పనిచేశాడు. 2020లో ఫ్రెస్నో స్టేట్ హెడ్ కోచ్, 2022లో వాషింగ్టన్, 2024లో సాబన్ ఖాళీ చేసిన కుర్చీలో అలబామా. హెడ్ కోచ్ అయ్యాక మళ్ళీ అసిస్టెంట్ అయితే పరువు పోతుందనుకునేవాళ్ళు ఈ పదేళ్ళని చూడండి.

ఇక ఆగి గెలిచినవాడు కిర్బీ స్మార్ట్. 2007 నుంచి 2015 దాకా అలబామాలోనే, 2008 నుంచి డిఫెన్సివ్ కోఆర్డినేటర్, తొందరపడలేదు. మొదటి హెడ్ కోచ్ ఉద్యోగమే జార్జియా, 2021, 2022 రెండేళ్ళూ నేషనల్ టైటిళ్ళు. ఇది చూసి "ఆగడమే మేలు" అనేవాళ్ళు చాలామంది, నాకు మాత్రం స్మార్ట్‌కి కలిసొచ్చిన మూడు సంగతులు కనిపిస్తాయి. ఆయన ఆగింది దేశంలోకెల్లా గెలుపు అలవాటున్న చోట. వెళ్ళింది తను ఆడిన, తనకి ఊరూ వాడా తెలిసిన కాలేజీకి. పైగా జార్జియా రాష్ట్రంలో హైస్కూల్ ఆటగాళ్ళకి కొదవే లేదు. మీ పరిస్థితిలో ఈ మూడూ ఉంటే ఆగండి, నేను అడ్డు చెప్పను. రెండే ఉంటే మళ్ళీ ఆలోచించండి.

ఆగేవాళ్ళకి ఒక హెచ్చరిక. "ఈయన తర్వాత నువ్వే" అని కాలేజీ ఇచ్చే మాటని పూర్తిగా నమ్మకండి. జింబో ఫిషర్ విషయంలో ఫ్లోరిడా స్టేట్ మాట నిలబెట్టుకుంది, 2010లో బాబీ బౌడెన్ తర్వాత ఆయనే కూర్చున్నాడు. అదే టెక్సస్‌లో విల్ మస్‌చాంప్‌కి 2008లో అలాంటి మాటే ఇచ్చారు, అప్పటి హెడ్ కోచ్ మాక్ బ్రౌన్ దిగే సూచనలు లేకపోయేసరికి మస్‌చాంప్ ఫ్లోరిడాకి హెడ్ కోచ్‌గా వెళ్ళిపోయాడు, అక్కడ నాలుగేళ్ళకి ఉద్యోగం పోయింది.

పైకి వెళ్ళే ముందు

చిన్న చోట గెలిచారు, పెద్దవాళ్ళు పిలుస్తున్నారు. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. స్కాట్ ఫ్రాస్ట్ యూసీఎఫ్‌కి (సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ) హెడ్ కోచ్‌గా వచ్చేముందు ఆ జట్టు 0-12, రెండో ఏడాదికే 13-0. సొంత కాలేజీ నెబ్రాస్కా పిలిచింది, 1997లో క్వార్టర్‌బ్యాక్‌గా అక్కడ నేషనల్ టైటిల్ గెలిచినవాడు, కాదనగలడా? నాలుగేళ్ళు దాటేసరికి 16 గెలుపులు, 31 ఓటములు. 2022 సెప్టెంబర్‌లో జార్జియా సదరన్ చేతిలో ఓడిన మర్నాడు తీసేశారు. మూడు వారాలు ఆగి ఉంటే ఆయనకి ఇవ్వాల్సిన బైఅవుట్ (కాంట్రాక్టు మధ్యలో తెంచితే కట్టాల్సిన డబ్బు) సగానికి తగ్గేది, అయినా ఆగకుండా సుమారు 15 మిలియన్ డాలర్లు కట్టడానికే సిద్ధపడ్డారు.

నాకు అందులో పాఠంలా కనిపించేది సొంత కాలేజీ అన్న మమకారం కాదు. ఫ్రాస్ట్‌ని తీసుకున్న అథ్లెటిక్ డైరెక్టర్ (కాలేజీ క్రీడా విభాగం అధిపతి) బిల్ మూస్ 2021లోనే వెళ్ళిపోయాడు, తర్వాత వచ్చిన ట్రెవ్ ఆల్బర్ట్స్ తీసేశాడు. మిమ్మల్ని ఎంచుకున్న మనిషి వెళ్ళిపోతే మీ కింద నేల సగం కదిలినట్టే. పైగా నెబ్రాస్కా రాష్ట్రంలో ఆటగాళ్ళు తక్కువ, దూరాల నుంచి తెచ్చుకోవాలి, అభిమానుల జ్ఞాపకాలేమో తొంభైల దగ్గరే ఆగాయి. దీనికి పక్కనే వాండర్‌బిల్ట్‌లో క్లార్క్ లీని పెట్టి చూడండి. ఆయనదీ సొంత కాలేజీయే. మొదటి ఏడాది 2-10, మూడో ఏడాది మళ్ళీ 2-10. చాలా చోట్ల అక్కడితో కథ ముగిసేది. వాండర్‌బిల్ట్ ఓపిక పట్టింది, 2024లో అప్పటి నంబర్ వన్ అలబామాని 40-35తో ఓడించారు.

లాన్స్ లైపోల్డ్ మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. విస్కాన్సిన్-వైట్‌వాటర్, డివిజన్ 3, అసలు అథ్లెటిక్ స్కాలర్‌షిప్పులే లేని స్థాయి. అక్కడ ఎనిమిదేళ్ళలో 109-6, ఆరు టైటిళ్ళు. తర్వాత బఫలో, రెండో ఏడాది 2-10 అయినా నిలదొక్కుకున్నాడు. 2021లో కాన్సస్‌కి వెళ్ళేసరికి ఆ జట్టు అంతకుముందు ఏడాది ఒక్క ఆట గెలవలేదు. 2023కి 9-4. బఫలో, కాన్సస్ రెండు చోట్లా ఆయన మీద అంచనాలు తక్కువ, ఓపిక ఎక్కువ. పేరు పెద్దదైన ఉద్యోగం కంటే ఇలాంటిది దొరికితే పట్టుకోండి.

అందుకని ఆఫర్ వచ్చినప్పుడు జీతం అడిగే ముందు ఇవి అడగండి. ఇక్కడ చివరిగా గెలిచిన కోచ్ ఎవరు, ఎందుకు వెళ్ళిపోయాడు? అథ్లెటిక్ డైరెక్టర్‌కి, యూనివర్సిటీ ప్రెసిడెంట్‌కి ఎంతకాలం కాంట్రాక్టు ఉంది? కారులో నాలుగు గంటల దూరంలో మంచి హైస్కూళ్ళు ఎన్ని? అసిస్టెంట్ల జీతాలకి మొత్తం ఎంత ఇస్తారు? ఇప్పుడు ఇంకొకటి కలిసింది. 2025 జూన్‌లో హౌస్ కేసు సెటిల్‌మెంట్ ఆమోదం పొందాక కాలేజీలు తమ ఆదాయంలోంచి ఆటగాళ్ళకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, 2025-26కి ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 20.5 మిలియన్ డాలర్లు. అందులో ఫుట్‌బాల్ వాటా ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట మీద వెళ్ళకండి.

బైఅవుట్ గురించి కూడా కొంచెం. టెక్సస్ ఏ అండ్ ఎం 2023లో జింబో ఫిషర్‌ని తీసేసి 75 మిలియన్ డాలర్లకి పైగా బాకీ పడింది, అందరికీ అదే గుర్తుంటుంది. మీరు చూడాల్సింది మీరు వెళ్ళిపోతే మీరు కట్టాల్సిన బైఅవుట్, ఎందుకంటే చిన్న కాలేజీలు దాన్ని పెద్దగా పెట్టి మిమ్మల్ని కట్టిపడేస్తాయి. ఉద్యోగం పోయాక వేరే చోట చేరితే ఆ జీతం మేరకు కోత పెట్టే షరతు ఉందో లేదో కూడా చూసుకోండి. మంచి ఏజెంట్ లేకుండా సంతకం చేయొద్దు.

ఎక్కడికీ వెళ్ళకుండా ఉండడం కూడా ఒక ఎంపికే

జాన్ గగ్లియార్డి మిన్నెసోటాలో సెయింట్ జాన్స్ అనే డివిజన్ 3 కాలేజీలో 1953 నుంచి 2012 దాకా ఉన్నారు. అంతకుముందు మోంటానాలో కారల్ కాలేజీతో కలిపి 64 సీజన్లు, 489 గెలుపులు, కాలేజీ ఫుట్‌బాల్లో అంతకంటే ఎక్కువ ఎవరికీ లేవు. ఆయన ప్రాక్టీసుల్లో ట్యాక్లింగ్ ఉండేది కాదు, విజిల్ ఉండేది కాదు. ఆటగాళ్ళు ఆయన్ని కోచ్ అని కాకుండా "జాన్" అని పిలిచేవాళ్ళు. పెద్ద జీతాలు, టీవీ కెమెరాలు లేని జీవితం అది, కానీ తను నమ్మిన పద్ధతిని అరవై ఏళ్ళు ఒకే చోట ఎవరి ఒత్తిడీ లేకుండా నడపగలగడం ఎంత పెద్ద భాగ్యమో ఆలోచించండి. పిల్లలు ఒకే ఊళ్ళో, ఒకే బడిలో పెరగాలని కోరుకునే కుటుంబాలకి నేను ముందు చూపించేది ఈ దారే.

హెడ్ కోచ్ అవ్వకపోయినా తప్పులేదు. బడ్ ఫాస్టర్ వర్జీనియా టెక్‌లో 1995 నుంచి 2019 దాకా డిఫెన్స్ నడిపాడు, ఆయన పేరంటే ఇప్పటికీ గౌరవమే. చిప్ కెల్లీ 2024లో యూసీఎల్ఏ హెడ్ కోచ్ ఉద్యోగం తనే వదిలేసి ఒహాయో స్టేట్‌కి అఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా వెళ్ళాడు, ఆ ఏడాదే టైటిల్. ప్లేలు రాయడం, కుర్రాళ్ళకి నేర్పడం మీకు ఇష్టమై, దాతలతో భోజనాలు, పోర్టల్ బేరాలు నరకంగా అనిపిస్తే, పైన మొదట్లో నేను ఇచ్చిన సలహా మీకు వర్తించదు. ఎన్ఎఫ్ఎల్ సంగతి ఇక్కడ ఎక్కువ చెప్పను, సాబన్ అంతటివాడు మయామీ డాల్ఫిన్స్‌తో 15-17 చేసి రెండేళ్ళకే కాలేజీకి తిరిగొచ్చాడు. అది వేరే పని.

పిలుపు వచ్చే వేళ

ఈ ఉద్యోగాలు తీరిగ్గా ఆలోచించుకునే టైమ్ ఇవ్వవు. 2024 జనవరి 10న సాబన్ రిటైర్ అయ్యాడు. రెండు రోజుల్లో డిబోర్ అలబామాకి, ఆ తర్వాతి రోజుల్లో ఆయన స్థానంలో జెడ్ ఫిష్ అరిజోనా నుంచి వాషింగ్టన్‌కి, ఆయన స్థానంలో బ్రెంట్ బ్రెనన్ సాన్ హోసే స్టేట్ నుంచి అరిజోనాకి, అక్కడ ఖాళీ అయిన చోటికి నేవీలో ఏళ్ళ తరబడి పనిచేసిన కెన్ నియుమటలోలో. ఒక్క మనిషి తప్పుకుంటే నాలుగు ఊళ్ళలో ఇళ్ళు, బళ్ళు, అసిస్టెంట్ల కుటుంబాలు అన్నీ కదిలాయి. ఇంకా ఇబ్బంది ఏమిటంటే, సైనింగ్ (హైస్కూల్ ఆటగాళ్ళు కాలేజీలతో సంతకాలు చేయడం) డిసెంబర్ మొదట్లోనే ఉండడం వల్ల సీజన్ అవ్వకముందే నిర్ణయం అడుగుతారు. 2025 నవంబర్ చివర్లో లేన్ కిఫిన్ ఓల్ మిస్ నుంచి ఎల్ఎస్‌యూకి (లూసియానా స్టేట్) వెళ్ళేటప్పుడు, తను తయారుచేసిన జట్టుని ప్లేఆఫ్‌లో నడిపించే వీలే లేకపోయింది, పీట్ గోల్డింగ్ చేతికి జట్టు వెళ్ళింది.

కాబట్టి ఆలోచన ఆగస్టులో అయిపోవాలి, సీజన్ మొదలవ్వకముందే. భార్యతోనో భర్తతోనో కూర్చుని కాగితం మీద పేర్లతో మూడు వరుసలు రాసుకోండి: పిలిస్తే వెంటనే వెళ్ళే కాలేజీలు, పైన అడిగిన ప్రశ్నలకి సరైన జవాబులు వస్తేనే వెళ్ళేవి, ఎంత ఇచ్చినా వెళ్ళనివి. మీతో ఖచ్చితంగా వచ్చే అసిస్టెంట్లు ఎవరు అన్నది కూడా అప్పుడే అడిగి పెట్టుకోండి, కనీసం కోఆర్డినేటర్లిద్దరూ, జట్టుకి బలం నేర్పే స్ట్రెంగ్త్ కోచ్. స్ట్రెంగ్త్ కోచ్‌ని చాలామంది చివర్లో చూస్తారు, నిజానికి జనవరి నుంచి ఆగస్టు దాకా ఆటగాళ్ళతో ఎక్కువసేపు ఉండేది ఆయనే, కాబట్టి మొదటి ఫోన్ ఆయనకే చేయండి.